బయటి గోడల ప్లాస్టరింగ్ ఇప్పుడా, సంక్రాంతి తరువాతా?

ప్రశ్న: కావలికి తూర్పున, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా పల్లెలో ఇల్లు కట్టుకుంటున్నాము. ఎర్ర ఇటుకతో తొమ్మిది అంగుళాల గోడలు కట్టించాము. దసరా వెళ్లిన వారానికి స్లాబు పోశాము, పిట్టగోడ పని మొన్ననే ముగిసింది. ఇప్పుడు కార్తీకమాసం నడుస్తోంది. వాన తెరపి ఇచ్చిన నాలుగు రోజులు చూసి బయటి ప్లాస్టరింగ్ కొట్టేద్దామని, సంక్రాంతి పండగ వెళ్లాక తన మనుషులు బెంగళూరు పనికి వెళ్లిపోతారని మా బేల్దారి మేస్త్రీ అంటున్నాడు. కెనడాలో ఉన్న మా అల్లుడుగారేమో చలికాలంలో బయటి పూత పనికిరాదని, వేసవి దాకా ఆగమని ఫోనులో చెప్పారు. పూత లేకుండా ఇటుక గోడలు వానకు తడిస్తే ఇల్లు పాడైపోతుందని పక్కింటివారు భయపెడుతున్నారు. మాఘమాసంలో గృహప్రవేశం జరగాలని నా భార్య పట్టుబడుతోంది. ఎవరి మాట వినాలో తెలియజేయగలరు.

సమాధానం: మీ ఉత్తరంలో నలుగురి మాటలు ఉన్నాయి. ఆ నలుగురిలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పలేదు, అయితే ఎవరి మాటనూ పూర్తిగా పట్టుకుని పని మొదలుపెట్టడానికీ వీలులేదు. ముందుగా నా అభిప్రాయం చెప్పి, కారణాలు ఆ తరువాత వివరిస్తాను. బయటి ప్లాస్టరింగ్ ఇప్పుడు మొదలుపెట్టవద్దు, వేసవి దాకా ఆపవద్దు. సంక్రాంతి వెళ్లి పనివాళ్లు తిరిగి వచ్చిన నాటి నుంచి శివరాత్రి దాటిన రెండు మూడు వారాల వరకు, అంటే జనవరి మూడో వారం నుంచి మార్చి మొదటి పక్షం దాకా, మన నెల్లూరు, ప్రకాశం తీరానికి అంతకంటే మంచి కాలం లేదు. ఈలోగా మీ మేస్త్రీ చేతికి ఇంటి లోపలి పని అప్పగించండి.

మీ అల్లుడుగారి మాటతో మొదలుపెడతాను. ఆయన ఉన్న దేశానికి సంబంధించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. సిమెంటు గట్టిపడడం అంటే నీళ్లు ఆరిపోవడం కాదు, నీళ్లతో సిమెంటు కలిసి జరిగే రసాయనిక చర్య. వాతావరణం 5 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పోతే ఆ చర్య బాగా మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర మాలులోని నీరు మంచుగా మారి, సుమారు 9 శాతం ఉబ్బి, ఇంకా గట్టిపడని పూతను లోపలి నుంచే చీల్చేస్తుంది. అందుకే ఆ దేశాలలో మంచు పడే నెలల్లో బయటి పూత పెట్టరు, తప్పనిసరైతే పరంజా చుట్టూ పట్టలు కట్టి లోపల వేడి పెట్టుకుని పెడతారు. మన దగ్గర జనవరి తెల్లవారుజామున దుప్పటి కప్పుకునే చలి ఉన్నా, నెల్లూరులో ఆ వేళ ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, మధ్యాహ్నానికి 30 దగ్గరికి చేరుతుంది. సిమెంటు పనికి అంతకంటే హాయి అయిన వేడి ఉండదు. అల్లుడుగారికి కృతజ్ఞతలు చెప్పి, ఇక్కడ పూతకు శత్రువు చలి కాదని, అంతకు ముందు వచ్చే వాన అని, ఆ తరువాత వచ్చే ఎండ అని వివరించండి.

మన జిల్లాల వాన లెక్క మిగతా రాష్ట్రపు లెక్క కాదు. గోదావరి జిల్లాలలో నైరుతి రుతుపవనాలతో ముఖ్యమైన వాన అయిపోతుంది, దీపావళి నాటికి అక్కడివారు గోడలు పూయడం మొదలుపెట్టినా కొంతవరకు నడుస్తుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. ఒంగోలు దాటి ఉత్తరానికి పోయేకొద్దీ ఆ వాటా కొంత తగ్గుతుంది గాని ముప్పు తగ్గదు, ఎందుకంటే బంగాళాఖాతంలో పుట్టే తుపానులకు ఇదే కాలం. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రహదారి, రైలు పట్టాలు కొట్టుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన తీరం పొడుగునా కుంభవృష్టి కురిపించింది. డిసెంబరు మొదటి వారం అంటే జ్యేష్ఠ కార్తె. అప్పటికి చాలామంది వానలు వెళ్లిపోయాయనుకుంటారు. కార్తెలు లెక్క కట్టే పాత రైతులు మాత్రం మూల కార్తె వెళ్లేదాకా కల్లంలో ధాన్యం వదిలిపెట్టి నిద్రపోరు. ప్లాస్టరింగ్ విషయంలో కూడా ఆ జాగ్రత్తే కావాలి.

తెరపి ఇచ్చిన నాలుగు రోజులు చాలుగదా అని మేస్త్రీ అంటాడు. వాన ఒక్కటే అయితే ఆయన మాట కొంతవరకు నిలుస్తుంది. సిమెంటు పూర్తిగా బిగుసుకోవడానికి ప్రమాణాల ప్రకారం ఎక్కువలో ఎక్కువ 10 గంటలు, అంటే 600 నిమిషాలు, పట్టవచ్చు. ఆ గంటల్లో జల్లు కొడితే సిమెంటు పాలు కారిపోయి ఇసుక మిగులుతుంది. ఒక రోజు గడిచిన పూత మీద పడే చిన్నపాటి వాన మాత్రం మేలే చేస్తుంది, మీరు కొట్టవలసిన నీళ్లు అదే కొడుతుంది. అసలు సమస్య ఆకాశంలో లేదు, గోడలో ఉంది. ఎర్ర ఇటుక తన బరువులో 20 శాతం దాకా నీళ్లు తాగవచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. మూడు వారాలు ముసురుకు తడిసిన తొమ్మిది అంగుళాల గోడ నాలుగు రోజుల ఎండకు పైపైన మాత్రమే ఎండుతుంది, లోపల ఇటుకలు నిండుకుండల్లాగే ఉంటాయి. మాలు గోడకు అతుక్కోవాలంటే ఇటుక కొద్దిగా నీళ్లు పీల్చుకోవాలి. ఆ పీల్పులోనే సిమెంటు పాలు ఇటుక రంధ్రాల్లోకి వెళ్లి వేళ్లూనుకుంటాయి. ఇక తాగలేని ఇటుక మీద మాలు కొడితే అది జారుతుంది, బద్దతో లాగినప్పుడు కిందికి దిగుతుంది.

అప్పుడు పనివాళ్లు ఏం చేస్తారో మీరు కూడా చూసే ఉంటారు. తడి పీల్చుకోవడానికి పూత మీద పొడి సిమెంటు చల్లి చెక్కతో రుద్దేస్తారు. ఆ సాయంత్రానికి గోడ నున్నగా, చూడముచ్చటగా ఉంటుంది. పైన పలుచని చిక్కటి సిమెంటు పొర, కింద బలహీనమైన మాలు ఉండిపోవడం వల్ల, రెండూ వేరువేరుగా కుంచించుకుని, నెల తిరిగేసరికి సాలెగూడు లాంటి వెంట్రుక పగుళ్లు గోడంతా పరుచుకుంటాయి. వచ్చే ఏడు ఈశాన్యపు జల్లు ఆ పగుళ్లలోంచే లోపలికి దిగుతుంది. చాలా ఏళ్ల క్రితం ఒంగోలులో నా సొంత ఇంటి ఉత్తరపు గోడకు కార్తీకంలోనే పూత పెట్టించి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని పొడి సిమెంటు చల్లుతుంటే చూస్తూ ఊరుకున్నాను. రెండో ఏడు ఆ గోడను వేలితో తట్టితే ఖాళీ డబ్బా మీద తట్టినట్టు మోగింది. సగం గోడ చెక్కించి మళ్లీ పూయించడానికి మొదటి ఖర్చుకు రెట్టింపు అయింది, కొత్త పూత అంచులు పాత పూత మీద మచ్చల్లా ఇప్పటికీ కనిపిస్తాయి.

మీ ఇల్లు సముద్రానికి దగ్గర కాబట్టి ఆగడానికి ఇంకొక కారణం ఉంది, దీనిని మా వృత్తిలోని వారే తరచుగా పట్టించుకోరు. ఇటుకలో, ఇసుకలో, గోడ కట్టేటప్పుడు వాడిన బోరు నీళ్లలో కరిగిన లవణాలు గోడ తడిగా ఉన్నంతకాలం దాక్కుని ఉంటాయి. వానలు వెళ్లి గోడ ఆరడం మొదలుపెట్టినప్పుడు నీటితో పాటు బయటికి వచ్చి, నీరు ఆవిరైపోగా, తెల్లటి పొడిలా ఇటుక మీద పేరుకుంటాయి. డిసెంబరు చివర, జనవరిలో కొత్త గోడల మీద మీరు చూసే తెలుపు అదే. గోడ వట్టి ఇటుకగా ఉన్నప్పుడు ఈ ఉప్పు బయటపడితే నష్టం లేదు, పొడి బ్రష్షుతో దులిపేయవచ్చు. నీళ్లతో కడగవద్దు, కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పూత పెట్టిన తరువాత అదే ఉప్పు బయటికి రావాలని చూస్తే, దారిలో పూత అడ్డుగా ఉంటుంది కాబట్టి, పూత వెనకే గడ్డకట్టి దానిని పొక్కులుగా లేపేస్తుంది. రంగు వేసిన గోడలు అడుగున రెండడుగుల ఎత్తు దాకా రాలిపోయి కనిపించే ఇళ్లు మన తీరపు ఊళ్లలో ఎన్ని లేవు! అన్నింటికీ ఇదొక్కటే కారణమని అనను, పునాదిలో తడి ఆపే పొర లేకపోవడం కూడా ఒక కారణం. కానీ ఆరు వారాలు ఓపిక పడితే గోడ తన ఉప్పులో కొంత భాగాన్ని తానే కక్కుకుంటుంది.

ఈ సందర్భంలో నీళ్ల గురించి ఒక మాట. మీ బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలితే వాటితో మాలు కలపవద్దు, గోడ తడపవద్దు. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది, ఇనుము లేని కాంక్రీటుకు 2000 వరకు ఒప్పుకుంటుంది. పూతలో ఇనుము లేదుగదా అని రెండో అంకె చూసి తృప్తిపడవద్దు, ఎందుకంటే పూత వెనక పిల్లర్లు, బీములు ఉన్నాయి, పైగా మీ గోడమీద మచ్చలు తెచ్చేది ఆ ఉప్పే. నీటి పరీక్షకు పెద్ద ఖర్చు కాదు. తేడా ఉంటే ట్యాంకరుతో మంచినీళ్లు తెప్పించుకోవడం మేలు. ఇసుక కూడా సముద్రపు ఒడ్డుది, వాగు సముద్రంలో కలిసే చోటుది కాకుండా, పెన్న ఎగువనుంచి వచ్చిన ఏటి ఇసుకై ఉండేలా చూడండి. ఇసుకలో మట్టి ఎంత ఉందో తెలుసుకోవడానికి గాజు గ్లాసులో సగానికి ఇసుక పోసి, నీళ్లు నింపి, బాగా కలిపి గంటసేపు కదపకుండా ఉంచితే, పైన తేరిన మట్టి పొర మందం మీకే కనిపిస్తుంది.

పక్కింటివారి భయం గురించి ఇప్పుడు చెబుతాను. బాగా కాలిన ఇటుక ఒక వానకాలం తడిస్తే చెడిపోదు. అంతేగాక, గోడ కట్టిన మాలు గట్టిపడడానికి ఆ తడి పనికివస్తుంది, సందుల్లోని సిమెంటుకు దేవుడు నీళ్లు కొడుతున్నట్టే. కొత్త గోడ కట్టిన నెల రోజుల్లో కొద్దిగా కుంచించుకుని సర్దుకుంటుంది కాబట్టి, ఆ సర్దుబాటు పూతకు ముందే అయిపోవడం కూడా మీకు లాభం. మీ ఇటుక ఎలాంటిదో అనుమానం ఉంటే రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి, కంగుమని మోగితే మంచిది. ఒక ఇటుకను రాత్రంతా నీటి తొట్టిలో ఉంచి తీసినప్పుడు అంచులు చేతికి రాలితే సగం కాలిన ఇటుక అని అర్థం. అలాంటివి గోడలో అక్కడక్కడ కనిపిస్తే ఇప్పుడే పీకించి మార్పించండి. బూడిద ఇటుక, లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ సిమెంటు దిమ్మెలు అయితే నా సమాధానం వేరుగా ఉండేది. ముఖ్యంగా ఏఏసీ దిమ్మెల గోడను అంత కాలం వానకు వదిలివేయమని చెప్పను. ఎర్ర ఇటుకకు ఆ బెంగ అక్కరలేదు.

వానకు కాపాడుకోవలసినవి ఇటుక ముఖాలు కావు, గోడల నెత్తులు. పిట్టగోడ పైభాగం తెరిచి ఉంటే నీళ్లు పైనుంచి నిలువునా గోడలోకి దిగుతాయి. కాబట్టి దానిమీద మాత్రం ఇప్పుడే, తెరపి చూసుకుని, లోపలి వైపుకు కొద్దిగా వాలుగా ఒక సిమెంటు కప్పు వేయించి, రెండు రోజులు పట్ట కప్పించండి. కిటికీల అడుగు గోడలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పరంజా కర్రల కోసం గోడలో వదిలిన బొక్కలు, కరెంటు పైపుల కోసం కొట్టిన గాడులు బయటి వైపు ఉంటే తాత్కాలికంగా మూసివేయించండి. స్లాబు మీద నీళ్లు నిలవకుండా తూములు శుభ్రంగా ఉంచండి. పునాది చుట్టూ నీటి మడుగులు కట్టకుండా మట్టి తోయించండి, ఎందుకంటే గోడకు కిందినుంచి ఎక్కే తడి పైనుంచి పడే వానకంటే ఆలస్యంగా ఆరుతుంది.

మీ మేస్త్రీ మాటలో నాకు స్వార్థం కంటే అవసరమే ఎక్కువ కనిపిస్తోంది. వానల మూడు నెలలూ తన మనుషులకు కూలి దొరకకపోతే వాళ్లు చెదిరిపోతారు, చెదిరిన గుంపును మళ్లీ కూడగట్టడం అతనికి కష్టం. ఆ సంగతి గుర్తించి, లోపలి పని ఇప్పుడే మొదలుపెట్టించండి. స్లాబు కింది చెక్కలు, కర్రలు తీసేశాక, కరెంటు పైపులు, బాక్సులు, స్నానాల గదుల నీళ్ల పైపులు గోడల్లో బిగించిన తరువాత, ముందుగా లోకప్పు, ఆ తరువాత గదుల మధ్య గోడలు పూయించండి. ఇవి వానకు తడవని గోడలు. బయటి గోడల లోపలి ముఖాలను చివరికి ఉంచండి. వాటిలోనూ దక్షిణం, పడమర గోడలు ముందు, ఉత్తరం, తూర్పు గోడలు అన్నింటికంటే చివర. బయట తడిసిన గోడకు లోపల పూత పెట్టి మూసివేస్తే తడి లోపలి వైపుకే వస్తుంది కనుక ఈ వరుస చెబుతున్నాను. తలుపులు, కిటికీలు ఇంకా బిగించి ఉండవు కాబట్టి గాలి ఆడుతుంది, కానీ జల్లు లోపలికి కొట్టే వైపు కిటికీ గూళ్లకు పట్టలు కట్టండి. అతనితో బయటి పనికి, లోపలి పనికి వేరువేరుగా ధర మాట్లాడుకుని కాగితం మీద రాసుకోండి. జనవరిలో బయటి పనికి మూడు వారాలు మనుషులను ఇస్తానని కూడా అందులో రాయించండి. బెంగళూరు పని ఒక నెల ఆలస్యంగా మొదలైనా పోదు, ముందుగా చెప్పి ఉంచితే ఆ సర్దుబాటు అతనే చేసుకుంటాడు.

వానకాలంలో లోపలి పని చేసేటప్పుడు ఇసుక కొలత దగ్గర ఒక మోసం జరుగుతుంది, చేసేది మనిషి కాదు, తడి. కొద్దిపాటి తడి ఉన్న ఇసుక ఉబ్బుతుంది. ఐదారు శాతం తడితో ఘనపరిమాణం పాతిక, ముప్పై శాతం దాకా పెరగవచ్చు. అప్పుడు ఆరు తట్టల ఇసుక కొలిచినా నిజంగా పడేది ఐదు తట్టలకు లోపే, మాలు అనుకున్నదానికంటే చిక్కనై, ఎక్కువ కుంచించుకుని పగులుతుంది. ఇసుక కుప్ప మీద పట్ట కప్పి ఉంచండి. సిమెంటు బస్తాలను నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద పేర్చి, మూడు నెలలు దాటినవి పూతకు వాడకండి. బయటి పనికి కావలసిన సిమెంటు జనవరిలోనే కొనండి.

ఇక జనవరి వచ్చాక గోడ సిద్ధమైందో లేదో పంచాంగం కాదు, గోడే చెప్పాలి. ఒక చెంబు నీళ్లు గోడ మీద చల్లండి. నీళ్లు కిందికి జారిపోయి ఇటుక నిగనిగలాడుతూ ఉంటే ఇంకా వారం ఆగాలి. కాలిన పెనం మీద పడ్డట్టు చల్లగానే మాయమైతే గోడ మరీ ఎండింది, అలాంటి గోడను ముందు రోజు సాయంత్రం బాగా తడిపి, పొద్దున పని మొదలుపెట్టే ముందు కొంచెం చిలకరించాలి. చల్లిన నీటిని నింపాదిగా పీల్చుకుని, తడి మెరుపు పోయి నల్లగా మాత్రమే కనిపించే గోడ పూతకు సిద్ధంగా ఉన్నట్టు. ఈశాన్యపు గాలివాన ఎక్కువగా కొట్టేది ఉత్తరం, తూర్పు గోడలకే. పైగా చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక ఉత్తరపు గోడకు ఎండే తగలదు. కాబట్టి దక్షిణం, పడమర గోడలతో మొదలుపెట్టి, తూర్పు తరువాత, ఉత్తరాన్ని చివరకు ఉంచితే ఆ గోడకు అదనంగా రెండు వారాలు దొరుకుతాయి. ఏ గోడైనా పైనుంచి కిందికే రావాలి.

పూత పెట్టే ముందు పిల్లరు, బీము, ఇటుక గోడ కలిసే ప్రతి చోట కోడి జాలీ అని మన వాళ్లు పిలిచే ఇనుప వల, రెండు వైపులా నాలుగేసి అంగుళాలు వచ్చేలా బిగించాలి. నున్నని కాంక్రీటు మీద ఉలితో గాట్లు పెట్టించాలి. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకేలా సాగవు, వల లేని చోట ఆ అతుకు వెంబడే నిలువు పగులు వస్తుంది. బయటి పూత రెండు దఫాలుగా, మొదటిది సుమారు 12 మిల్లీమీటర్లు, రెండోది 8 మిల్లీమీటర్లు, మొత్తం 20 మిల్లీమీటర్ల మందంతో ఉండడం మంచిది. మొదటి పూత మీద గీతలు గీయించి, కనీసం రెండు రోజులు తడిపి, అది కుంచించుకోవడానికి వ్యవధి ఇచ్చాక రెండోది పెట్టించండి. ఒకటికి నాలుగు పాళ్ల మాలు చాలు. సిమెంటు ఎక్కువైతే గోడ గట్టిదవుతుందనే నమ్మకంతో ఒకటికి మూడు కలిపించే యజమానులు పగుళ్లను డబ్బు పెట్టి కొనుక్కుంటున్నారు. నీరు దిగని మందు కలిపితే డబ్బా మీద రాసిన మోతాదు దాటవద్దు. నీళ్లు పోసిన మాలు అరగంటలో అయిపోయేంతే కలపాలి, భోజనం నుంచి వచ్చి బిగిసిన మాలులో మళ్లీ నీళ్లు పోసి తిప్పడం ఒప్పుకోవద్దు.

ఎండ ఏ గోడ మీద పడుతోందో చూసి, నీడ ఉన్న గోడకే పని చేయించండి. పడమటి గోడ ఉదయం పూట, తూర్పు గోడ మధ్యాహ్నం దాటాక చేయించవచ్చు. దక్షిణపు గోడకు ఆ నెలల్లో రోజంతా ఎండ ఉంటుంది, పరంజా కర్రలకు గోనెపట్టాలు వేలాడగట్టక తప్పదు. సాయంత్రం నాలుగు గంటలకల్లా తాపీలు కడగాలి, లేకపోతే చివర పూసిన భాగం మీద పొగమంచు తేమ పడి, మరునాడు చెక్కతో రుద్దిన మెరుగు మచ్చలుగా తేలుతుంది. సజ్జల అడుగున, అంచుకు రెండంగుళాల లోపల, వాన నీరు గోడ వైపు పాకకుండా ఒక సన్నని గాడి పెట్టించడం మరిచిపోవద్దు. దీనికి ఖర్చు ఏమీ లేదు, కానీ అడగకపోతే ఎవరూ పెట్టరు.

చల్లని నెల గదా, నీళ్లు ఎక్కువ కొట్టనక్కరలేదని చాలామంది అనుకుంటారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచు పడేది తెల్లవారుజామునే, పగటి పూట గాలి పొడిగా ఉంటుంది, ఆ పొడి గాలి ఎండ తగలని గోడలోంచి కూడా నీళ్లు లాగేస్తుంది. పూత పెట్టిన మరునాటి నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు, కనీసం 7 రోజులు తడపాలి. ఈరోజుల్లో ఎక్కువగా దొరికే బూడిద కలిసిన పీపీసీ సిమెంటు నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కనుక 10 రోజులు తడిపితే మంచిది. గొట్టంతో ఎడాపెడా కొట్టకుండా, చినుకుల్లా పడేలా చిమ్మాలి. ఇదే పని ఏప్రిల్, మే నెలల్లో అయితే ఎందుకు వద్దంటున్నానో మీకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో, పడమటి గాడ్పులో, సిమెంటు తన పని పూర్తి చేసుకోకముందే పూత ఎండిపోతుంది, తడుపుదామంటే పల్లెల్లో బోర్లు ఎండే కాలం అదే.

గృహప్రవేశం విషయంలో మీ శ్రీమతిగారి కోరిక తీరే మార్గం ఉంది. మాఘం ఏడాదిని బట్టి జనవరి మూడో వారం, ఫిబ్రవరి రెండో వారం మధ్య ఎప్పుడైనా మొదలై, ఫిబ్రవరి మూడో వారం, మార్చి రెండో వారం మధ్య ముగుస్తుంది. ఆ వేళకు లోపలి పని పూర్తయి, బయట రెండు మూడు గోడలైనా పూత పడి ఉంటాయి. పాలు పొంగించడానికి, వ్రతం చేసుకోవడానికి బయటి రంగు అవసరం లేదు. గుమ్మం ముందరి గోడకు పూత ముందుగా పెట్టించి, మామిడి తోరణాలు కట్టుకుంటే వచ్చిన చుట్టాలు పక్క గోడల వైపు చూడరు. ఆ మాట వారికి రుచించకపోతే ఫాల్గుణంలో ముహూర్తాలు ఉంటాయి. ఏ ముహూర్తమైనా, దాని కోసం పూత మీద ఆగమేఘాల మీద రంగు మాత్రం వేయించకండి. కొత్త సిమెంటులోని క్షారం, తడి కలిసి రంగును పొక్కులుగా లేపుతాయి. కనీసం 28 రోజులు ఆగి, ఒక రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి, మరునాడు తీసి చూడండి. లోపలి వైపు నీటి బొట్లు ఉంటే గోడ ఇంకా ఆరలేదు. మార్చి చివర గాని, ఏప్రిల్ మొదట గాని వేసే రంగు మీ ఇంటికి సరైనది. అప్పటిదాకా గోడ సిమెంటు రంగులోనే ఉండనివ్వండి.

మేస్త్రీకి ఇవ్వవలసిన మొత్తంలో కొంత భాగం, ఇంత అని ముందే మాట్లాడుకుని, రంగుకు ముందు దాకా నిలిపి ఉంచండి. ఆ రోజు ఒక చిన్న కర్ర తీసుకుని మేస్త్రీని వెంటబెట్టుకుని నాలుగు గోడలూ తట్టుకుంటూ తిరగండి. గట్టిగా టకటకమనే చోట వదిలేసి, డొల్లగా మోగిన ప్రతి చోటా సుద్దతో గుండ్రం చుట్టండి. ఆ గుండ్రాలన్నీ చతురస్రంగా కోయించి, మళ్లీ పూయించి, ఆ అతుకులు కూడా వారం రోజులు తడిపిన తరువాత మిగిలిన డబ్బు ఇచ్చేయండి.